మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరు రాగలరు?

డాలస్ చుట్టుపక్కల టెక్ కంపెనీల సంఘాలు పెట్టే లంచ్ ప్రోగ్రాముల్లో మన తెలుగువాళ్ళు కనపడరేంటి అని ఎవరన్నా అడిగితే ఠక్కున వచ్చే జవాబు "మనోళ్ళకి ఇంట్రెస్ట్ లేదండీ, పని చేసుకుంటారు, ఇంటికెళ్ళిపోతారు" అని. ఈ మాట అమెరికన్లూ అంటారు, మనోళ్ళ గురించి మనోళ్ళే ఇంకా ఎక్కువ అంటారు. నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్, రిచర్డ్‌సన్‌లలో ఏ ఆఫీసు బిల్డింగులో ఏ ఫ్లోర్‌కి వెళ్ళినా తెలుగు వినపడుతుంది, ఇంతమందిలో ఎవరికీ తాము పనిచేసే రంగం గురించి ఓ గంట కూర్చుని వినాలని ఉండదా? ఉంటుంది. రాలేకపోడానికి కారణం వేరే ఉంది, అది డబ్బులకీ టైమ్‌షీటుకీ సంబంధించింది, తల్చుకుంటే మార్చగలిగింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఈ ప్రోగ్రాములు ఎలా ఉంటాయో ఎప్పుడూ చూడనివాళ్ళకి ముందు చెప్తా. గుంటూరులోనో రాజమండ్రిలోనో రోటరీ క్లబ్ మీటింగ్ చూసుంటే సగం తెలిసినట్టే. ఆ రోటరీ 1905లో షికాగోలో మొదలైంది, వ్యాపారం చేసేవాళ్ళు కలిసి భోంచేస్తూ ఒకళ్ళు మాట్లాడితే మిగతావాళ్ళు వినడం అమెరికాలో అంత పాత అలవాటు. డెట్రాయిట్‌లో ఎకనామిక్ క్లబ్ 1934 నుంచీ ఇదే పని చేస్తోంది, ప్రెసిడెంట్లు కూడా వచ్చి మాట్లాడారు అక్కడ. సిలికాన్ వ్యాలీలో 1985లో చర్చిల్ క్లబ్ పెట్టారు. ఒక్కో ఊళ్ళో టెక్ కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న సంఘాలు కూడా ఇదే పద్ధతి పట్టుకున్నాయి. హోటల్లో బాంకెట్ హాలు, గుండ్రటి బల్లలు, బల్లకి ఎనిమిదిమందో పదిమందో, పదకొండున్నరకి గుమ్మం దగ్గర పేరు బ్యాడ్జి తీసుకుని లోపలికెళ్తే మనం కూర్చోకముందే సలాడూ ఐస్ టీ చీజ్‌కేక్ ముక్కా అక్కడ పెట్టేసి ఉంటాయి, రిజిస్ట్రేషన్లో వెజిటేరియన్ అని టిక్ పెట్టుకుంటే చికెన్ బదులు పాస్తానో పెద్ద పుట్టగొడుగో వస్తుంది. సంఘం ప్రెసిడెంట్ రెండు మాటలు, స్పాన్సర్ కంపెనీ ఆయన ఐదు నిమిషాలు, ఆ తర్వాత అసలు వక్త అరగంట, ప్రశ్నలు టైముంటే, ఒంటిగంటకి అందరూ కార్లు తీస్తారు. ఇంతే.

ఇంత మామూలు తంతుకి ఎందుకింత ప్రాముఖ్యం ఇస్తున్నానంటే ఈ ఊరి చరిత్ర వల్ల. రిచర్డ్‌సన్‌ని టెలికామ్ కారిడార్ అంటారు, ఆ పేరు అక్కడి ఛాంబర్ ఆఫ్ కామర్స్ ట్రేడ్‌మార్క్ కూడా చేయించుకుంది. యాభైల్లోనే కాలిన్స్ రేడియో వచ్చింది, అపోలో యాత్రల్లో వ్యోమగాములు భూమితో మాట్లాడిన పరికరాలు ఆ కంపెనీవే. పక్కనే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్. దాన్ని పెంచిన ముగ్గురు పెద్దలు, మెక్‌డెర్మాట్, సెసిల్ గ్రీన్, ఎరిక్ జాన్సన్, ఇక్కడి పిల్లలు పైచదువులకి ఎక్కడెక్కడికో పోతున్నారని 1961లో ఒక పరిశోధన కేంద్రం పెట్టి 1969లో రాష్ట్రానికి ఇచ్చేశారు, ఇవాళ మన పిల్లలు వందలకొద్దీ వచ్చి ఎమ్మెస్ చేస్తున్న యూటీ డాలస్ అదే. 1984లో ఫోన్ల వ్యాపారం దాదాపు అంతా తన చేతిలో పెట్టుకున్న ఏటీ అండ్ టీని ముక్కలు చేశాక దూరపు కాల్స్ అమ్మే ఎంసీఐ లాంటి కంపెనీలకి దారి తెరుచుకుంది, వాటికి స్విచ్చులమ్మేవాళ్ళు, ఫైబర్ వేసేవాళ్ళు, ఎరిక్సన్, నార్టెల్, ఫుజిట్సు, ఆల్కాటెల్, అందరూ సెవెంటీఫైవ్ హైవే పక్కనే వరసగా దిగారు. ఇన్ని కంపెనీలు ఒక్కచోట ఉంటే వాళ్ళకి ఒక సంఘం కావాలి కదా, అట్లా పెరిగిందే మెట్రోప్లెక్స్ టెక్నాలజీ బిజినెస్ కౌన్సిల్, ఇప్పుడు టెక్ టైటాన్స్ అన్న పేరుతో నడుస్తోంది. అదొక్కటే కాదు, ఈ ప్రాంతంలో చిన్నా పెద్దా సంఘాలు ఇంకా ఉన్నాయి, నేను కింద రాసేది ఏ ఒక్కదాని గురించో కాదు, పద్ధతి గురించి.

2001లో టెలికామ్ కుప్పకూలింది. 2002 జూలైలో వరల్డ్‌కామ్ అనే పెద్ద టెలికామ్ కంపెనీ దివాలా తీసింది, అప్పటికి అమెరికాలో అంత పెద్ద దివాలా లేదు, ఎంసీఐ అప్పటికే దాన్లో కలిసిపోయి ఉంది. నార్టెల్ ఇంకొన్నేళ్ళు లాగి 2009 జనవరిలో దివాలా తీసింది. నాకు ఇక్కడ మొదట్లో పని నేర్పిన ఒక పెద్దాయన ఆ రోజుల సంగతి చెప్పేవారు, లంచ్‌కి వచ్చినవాళ్ళ బ్యాడ్జీల్లో పేరుండేదట, కింద కంపెనీ పేరుండాల్సిన చోట ఖాళీగా ఉండేదట. అయినా వచ్చేవాళ్ళు, ఎందుకంటే వక్త ఏం చెప్తాడా అని కాదు, పక్క కుర్చీలో కూర్చున్నాయన వాళ్ళ కంపెనీలో ఎవరినన్నా తీసుకుంటున్నారా అని తెలుస్తుందని. ఆయనకి తర్వాతి ఉద్యోగం అట్లా పక్క కుర్చీ నుంచే వచ్చింది, టెలికామ్ వదిలి ఒక ఇన్సూరెన్స్ కంపెనీ నెట్‌వర్క్ విభాగంలోకి. ఆ రోజు వక్త ఎవరో ఏం మాట్లాడాడో ఆయనకి గుర్తే లేదు.

నేను చెప్పాలనుకుంటున్నది ఇదే. ఈ ప్రోగ్రాముల్లో అసలు విలువ వేదిక మీద లేదు, బల్ల చుట్టూ ఉంది. ఇంకా ఏ పరిచయమూ లేనివాడికి ఆ బల్ల అందరికంటే ఎక్కువ అవసరం, ఇవాళ ఉన్న పద్ధతిలో సరిగ్గా వాడికే అక్కడ చోటు లేదు.

ఎందుకు లేదో లెక్క చూడండి. హోటల్‌ వాడు తలకింత అని తీసుకుంటాడు, ఎంతమంది వస్తారో మూడు రోజుల ముందే చెప్పాలి, రాకపోయినా డబ్బు కట్టాలి. సంఘం దగ్గర అంత డబ్బుండదు కాబట్టి కంపెనీలకి బల్లలు అమ్ముతుంది, బల్ల మీద కంపెనీ లోగో పెడతారు. బల్ల కొన్న కంపెనీలో దాని మీద ఎవరు కూర్చోవాలో ఎవరు తేలుస్తారు? డైరెక్టర్ గారు, ఆయన కింద మేనేజర్లు, సేల్స్ వాళ్ళు, సేల్స్ వాళ్ళు తీసుకొచ్చిన కస్టమర్లు. వాళ్ళందరికీ ఒకళ్ళకొకళ్ళు ముందే తెలుసు, వాళ్ళలో చాలామందికి ఆ పరిచయం ఇవాళ కొత్తగా ఏమీ ఇవ్వదు. అదే కంపెనీలో మూడో ఫ్లోర్‌లో కూర్చుని ఆ కంపెనీ బిల్లింగ్ సిస్టమ్ మొత్తం కంటికి రెప్పలా చూసుకునే కాంట్రాక్టర్ ఉంటాడు చూశారా, వాడు ఆ కంపెనీ ఉద్యోగి కాదు. క్లయింటుకీ, అంటే ఆ కంపెనీకీ, వాడికీ మధ్య మనుషుల్ని సరఫరా చేసే ప్రైమ్ వెండారు, కింద ఇంకో వెండారు, ఆ కింద వాడి వీసా పట్టుకున్న కన్సల్టెన్సీ. క్లయింట్ బల్ల మీద వాడికి కుర్చీ ఉండదు. పోనీ సొంత డబ్బులతో వెళ్దామంటే సభ్యులు కానివాళ్ళకి టికెట్ ధర ఎక్కువ, అది కూడా పెట్టుకుంటాడనుకోండి, వెళ్ళి రావడానికి రెండున్నర గంటలు పడుతుంది, గంటకింత అని బిల్లయ్యే మనిషి ఆ రెండున్నర గంటలు టైమ్‌షీట్లో ఏమని రాయాలి? రాయకపోతే జీతం పోతుంది, సాయంత్రం పూడుద్దామంటే ఇండియా టీమ్‌తో కాల్స్ ఎట్లాగూ ఉన్నాయి. పైగా క్లయింట్ మేనేజర్‌ని అడగాలి, "ఇలాంటి చోట్లకి వెళ్తున్నాడంటే ఉద్యోగం వెతుక్కుంటున్నాడేమో" అనుకుంటాడని భయం. ఆ భయం ఉత్తది కాదు, కాంట్రాక్ట్ రెన్యువల్ ముందు ఎవరికైనా ఉంటుంది.

ఇన్ని అడ్డంకులు పెట్టి, రాలేదు కాబట్టి ఇంట్రెస్ట్ లేదు అనేస్తే ఎట్లా?

దీన్ని నేనింత గట్టిగా పట్టుకోడానికి ఇంకో కారణం అరవై రోజులు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు, ఆ లోపల ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఈ రూలు కూడా 2017 జనవరిలో వచ్చిందే, 2001లో ఉద్యోగం పోయినవాళ్ళకి ఆ అరవై కూడా రాసి లేవు. పిల్లలు స్కూల్లో, ఇంటి లోను, అమ్మానాన్నల టికెట్లు ముందే కొనేసి, అలాంటప్పుడు అరవై రోజుల్లో లింక్డిన్‌లో తెలియనివాళ్ళకి మెసేజీలు పెడితే ఎంతమంది జవాబిస్తారో పెట్టినవాళ్ళకి తెలుసు. పరిచయం అనేది అవసరం పడ్డ రోజున మొదలెడితే అందదు. "మీరు పోయినేడు లంచ్‌లో నా పక్కన కూర్చున్నారు, మీ డేటాబేస్ మైగ్రేషన్ గురించి మాట్లాడుకున్నాం" అని రాయగలిగిన మనిషికీ ఏమీ లేని మనిషికీ ఆ అరవై రోజుల్లో తేడా నేను కళ్ళారా చూశా. నాకు తెలిసిన ఇద్దరిలో ఒకళ్ళు ఇంకా అదే ఇంట్లో ఉన్నారు, రెండో కుటుంబం హైదరాబాద్ వెళ్ళిపోయింది. రెండో ఆయన పనిలో మొదటాయనకంటే తక్కువ వాడు కాదు, నిజం చెప్పాలంటే ఎక్కువ.

ఇది ఒక్క మనవాళ్ళ అవసరమే అనుకోకండి, సంఘాలకీ అవసరమే. జాక్ కిల్బీ కథ ఇక్కడ అందరూ చెప్తారు, 1958 సెప్టెంబర్ 12న టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్, అంటే ఇవాళ మనం చిప్పు అనేదాన్ని, పనిచేయించి చూపించాడు, 2000లో నోబెల్ వచ్చింది. కానీ ఆ పని ఎప్పుడు చేశాడు? ఆ వేసవిలోనే చేరాడు, కొత్తవాడు కాబట్టి సెలవులు కూడలేదు, కంపెనీలో దాదాపు అందరూ వెకేషన్‌కి పోతే ల్యాబులో ఒక్కడే మిగిలాడు, అప్పుడు పట్టుకున్నాడు ఆ ఆలోచన. అదృష్టం ఏంటంటే తిరిగొచ్చిన బాసు ఆయన నోట్‌బుక్ చూశాడు, చేసి చూపించమన్నాడు. సెలవు కూడా లేని కొత్త మనిషి మాట పెద్దవాళ్ళ దాకా వెళ్ళింది కాబట్టే ఈ ఊరికి ఆ పేరు దక్కింది. ఆయన పేరు ప్రతి వేదిక మీదా తలుచుకునే ఊళ్ళో ఇవాళ్టి కొత్త మనిషిని హాల్లోకే రానివ్వకపోతే ఎవరికి నష్టం?

ఒక లంచ్ గురించి చెప్తా. 2021 ఫిబ్రవరి మంచు తుఫాను టెక్సస్‌లో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున రాష్ట్రం కరెంటు గ్రిడ్డు మొత్తం కూలిపోడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఆగింది, ఆ గ్రిడ్డు నడిపే ఎర్‌కాట్ వాళ్ళే తర్వాత బయటపెట్టారు ఆ లెక్క. నలభై లక్షలకి పైగా ఇళ్ళల్లో కరెంటు లేదు, ఆస్టిన్‌లో శామ్‌సంగ్ చిప్పుల ఫ్యాక్టరీ ఆగిపోయింది. కొన్నాళ్ళ తర్వాత జరిగిన ఒక లంచ్‌లో ఒక డేటా సెంటర్ నడిపే ఆయన ఆ వారం ఎట్లా గడిపారో చెప్పాడు, స్లైడ్లు నాలుగో ఐదో, మిగతాదంతా నోటి మాటే, డీజిల్ ట్యాంకర్ వస్తుందో రాదో తెలియక ఎవరు ఎక్కడ పడుకున్నారో, చలికి డీజిల్ చిక్కబడితే ఏం చేశారో అన్నీ చెప్పాడు. హాలంతా తినడం ఆపేసి విన్నది. ప్రశ్నలప్పుడు మా బల్ల మీంచి ఒకమ్మాయి లేచింది, మానిటరింగ్ టీమ్‌లో కాంట్రాక్ట్ మీద పనిచేస్తున్న ఖమ్మం పిల్ల, మా టీమ్‌లో ఒకాయనకి జ్వరమొచ్చి సీటు ఖాళీ అయితే వచ్చింది, లేకపోతే వచ్చేది కాదు. వాళ్ళ నాన్నగారికి జనరేటర్లు అద్దెకిచ్చే షాపుందట. "అన్ని రోజులు ఆపకుండా నడిపితే ఇంజన్ ఆయిల్ ఎప్పుడు చూశారు, లోడ్ మీద ఉండగా ఎట్లా ఆపారు" అని అడిగింది. ఆయన ఒక్క క్షణం ఆగి, ఈ ప్రశ్న ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదమ్మా అని, ఒక్కో జనరేటర్‌ని పక్కకి తీసి దాని లోడు మిగతా వాటి మీద వేసి ఆయిల్ చూసి మళ్ళీ కలపడం, ఆ కాసేపూ అదనంగా ఒక్క మిషనూ చేతిలో లేకపోవడం, అంతా చెప్పాడు. ఆ పది నిమిషాలూ ఆ ప్రోగ్రాం మొత్తానికీ విలువైనవి. అయిపోయాక ఆయనే మా బల్ల దగ్గరికొచ్చి ఆ అమ్మాయికి కార్డిచ్చాడు.

ఆ ప్రశ్న డైరెక్టర్ గారి నుంచి రాదు. ఆయన తెలివి తక్కువై కాదు, ఆయన చెయ్యి ఆ మిషన్ మీద లేదు కాబట్టి.

అందుకే వక్తల సంగతి కూడా చెప్పాలి. కంపెనీ పెద్ద వచ్చి "డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్‌లో మా ప్రయాణం" అని మాట్లాడితే ఎవరికీ ఏమీ మిగలదు, ఎందుకంటే ఆయన మాట్లాడే ప్రతి ముక్కా వాళ్ళ లాయర్లూ పీఆర్ వాళ్ళూ చూసి పంపిందే. ఏం పాడైంది, ఎట్లా బాగుచేశాం, ఇంకా ఏది బాగవ్వలేదు అని చెప్పగలిగిన మనిషిని పిలవండి, ఆ మనిషి టైటిల్ చిన్నదైనా పర్లేదు. రిచర్డ్‌సన్‌లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 300 మిల్లీమీటర్ల వేఫర్ల (చిప్పులు తయారుచేసే సిలికాన్ పలకలు) ఫ్యాక్టరీ ఉంది, షెర్మన్‌లో 2022 నుంచి కొత్తవి కట్టుకొస్తున్నారు, చిప్పుల ఫ్యాక్టరీలకి సాయం చేసే చిప్స్ చట్టం కింద ప్రభుత్వం డబ్బు 160 కోట్ల డాలర్ల దాకా వాటికీ యూటాలో ఇంకోదానికీ కలిపి కేటాయించారు, ఇంత పని పక్కనే జరుగుతుంటే అక్కడ నీళ్ళెట్లా శుద్ధి చేస్తారో, రాత్రి షిఫ్టుల్లో మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెస్తున్నారో చెప్పే ఒక్క ప్రోగ్రాం కోసం నేను సెలవు పెట్టుకుని వెళ్తా. ప్రశ్నలకి టైముంటే అనే మాట కూడా తీసెయ్యాలి, ఇరవై నిమిషాలు ప్రశ్నలకే అని ముందే రాసిపెట్టాలి, స్పాన్సర్ చెప్పాల్సింది భోజనం వడ్డిస్తుండగా చెప్పుకోమనాలి. చీటీల మీద ప్రశ్నలు రాసి పంపే పద్ధతి నాకు నచ్చదు, వేదిక మీద ఉన్నాయన తనకి ఇబ్బంది లేనివి ఏరుకుంటాడు.

సాయంత్రం పెడితే సరిపోతుంది కదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. స్కూలయ్యాక పిల్లల్ని చూసుకునే ఆఫ్టర్ కేర్ ఆరింటికి మూసేస్తారు, పిల్లల్ని తెచ్చుకోవాల్సిన తల్లులకి సాయంత్రం ఆరున్నర కాక్‌టెయిల్ ప్రోగ్రాం కంటే మధ్యాహ్నం లంచే మేలు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నాతోనే ఈ మాట అన్నారు. వీడియో పెడతాం చూసుకోండి అనేది కూడా మందు కాదు. కోవిడ్ రెండేళ్ళు అందరూ వెబినార్లే పెట్టారు, వక్త మాట ఇంటికొచ్చింది, పక్క కుర్చీ రాలేదు. కాబట్టి లంచ్ ఉండాలి, ప్రతి కంపెనీ బల్లలో రెండు కుర్చీలు మాత్రం బయటివాళ్ళకి వదలాలి, కాంట్రాక్టర్లకి, యూటీ డాలస్‌లో ఆఖరి సెమిస్టర్ పిల్లలకి, ఉద్యోగం పోయి వెతుక్కుంటున్నవాళ్ళకి. వాళ్ళనందరినీ కలిపి వెనక ఒక మూల బల్ల మీద కూర్చోపెడితే ఏం లాభం లేదు, తెలియనివాళ్ళ మధ్య కూర్చోవాలి. బల్ల కొన్న కంపెనీకి దీనివల్ల పోయేది ఏమీ లేదు, ఎట్లాగూ ప్రతిసారీ ఒకటో రెండో కుర్చీలు ఖాళీగా ఉండి, డబ్బు కట్టిన ప్లేట్లు వెనక్కి పోతుంటాయి.

మన మాట కూడా చెప్పుకోవాలి. డాలస్ తెలుగువాళ్ళకి సభ నడపడం రాదని ఎవరూ అనలేరు. ఇక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ 1986 నుంచీ ఉంది, వాళ్ళ నెల నెలా తెలుగు వెన్నెల సాహిత్య సదస్సు వంద దాటి చాలా కాలమైంది, నెల తప్పకుండా. పగలంతా కోడ్ రాసిన మనిషి అక్కడ మైకు పట్టుకుని పోతన పద్యం మీద నలభై నిమిషాలు మాట్లాడతాడు, వెనక వరసలో నుంచి ఇంకొకాయన లేచి ఈ పాఠం తప్పండీ అని ధైర్యంగా అంటాడు, అందరూ వింటారు. ఆ గొంతే ఇంగ్లీషు లంచ్‌లో ఎందుకు లేవదో నాకు తెలుసు, అక్కడ మనల్ని ఎవరూ పిలవలేదు కాబట్టి మనం అతిథులం కూడా కాదు అన్న భావన. ఒకసారి ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే అది పోతుంది, ఖమ్మం పిల్ల విషయంలో నేను చూసిందదే.

ఆ పిలవాల్సిన మొదటివాళ్ళు మన కన్సల్టెన్సీల ఓనర్లు. ఇర్వింగ్‌లో ప్లేనోలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, ఉగాదికీ దీపావళికీ ప్రతి సభలో స్టేజీ వెనక బ్యానర్ మీద మీ పేర్లుంటాయి, మంచిదే, ఆ సభలు మీ డబ్బుతోనే నడుస్తున్నాయి. ఈసారి ఒక లంచ్‌కి ఒక బల్ల కొనండి. పదిమందిని కూర్చోపెడితే మనిషికి రెండున్నర గంటల చొప్పున ఇరవై ఐదు బిల్లింగ్ గంటలు, ఆ గంటల జీతం మీరే ఇవ్వండి, ఏడాదికి నాలుగుసార్లు చేసినా వంద గంటలు. క్లయింట్ ఒప్పుకోడు అంటారేమో, మీ అకౌంట్ మేనేజర్ ఆ క్లయింట్ మేనేజర్‌కి ఫోన్ చేసి, "మా కన్సల్టెంట్‌ని ఈ ప్రోగ్రాంకి పంపుతున్నాం, ఆ గంటలు మీకు బిల్ చెయ్యం, ఇంకో కుర్చీ ఉంది మీరు కూడా రండి" అంటే కాదనేవాళ్ళు తక్కువ. మీ మనిషి వేరే కంపెనీకి పోతాడని భయమైతే, అరవై రోజుల లెక్క మీకు నాకంటే బాగా తెలుసు, ప్రాజెక్ట్ లేక మీ బెంచ్ మీద ఉన్న మనిషికి తర్వాతి ప్రాజెక్ట్ ఆ బల్ల దగ్గర దొరికితే బాగుపడేది మీరూ కూడా. మొదటిసారి పదిమందీ మేనేజర్లు అవ్వకుండా చూడండి, ప్రొడక్షన్ సపోర్ట్ చేసేవాళ్ళని, టెస్టర్లని, కొత్తగా వచ్చినవాళ్ళని తీసుకోండి, పేర్లు ముందే ఖాయం చేసి పంపండి, హోటల్ వాళ్ళకి లెక్క మూడు రోజుల ముందే ఇవ్వాలి, వెజిటేరియన్లు ఎంతమందో కూడా.